ఫైలు ఆవిడది

మొన్న మంగళవారం పొద్దున షెడ్డు షట్టర్ లేపుతుంటే ఫోను మోగింది. రికార్డు రూము మేడమ్ నంబరే. మాట్లాడింది మాత్రం ఆమె కూతురు. "అంకుల్, అమ్మ ఇందాకే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది" అన్నది. షట్టర్ సగంలోనే వదిలేసి ఇంటికి నడిచాను. నా భార్య బియ్యం ఏరుతోంది. చెప్పాను. చేట పక్కన పెట్టి, "నేను సుత వస్త, ఆగు" అన్నది.

నేను మౌలాలిలో వెల్డింగ్ పని చేస్తాను. చదువు మూడో తరగతి దాకా. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు రాదు. ఈ మాట రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. ఒకప్పుడు ఉండేది. అది పోయింది ఈ మేడమ్ వల్లనే, అందుకే ఆమె గురించి రాస్తున్నాను.

సికింద్రాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పేషెంట్ల ఫైళ్లు చూసే ఉద్యోగం ఆమెది. మెట్ల కింద చిన్న గది. చాలా ఏళ్ల కింద ఆ ఆసుపత్రిలోనే నా భార్యకు కడుపులో గడ్డ తీయడానికి ఆపరేషన్ చేశారు. గడ్డతో పాటు గర్భసంచి కూడా తీసేశారు. ఆ సంగతి కుట్లు విప్పిన రోజు గానీ మాకు తెలియలేదు. ఎందుకు తీశారంటే ఎవరూ సరిగా చెప్పలేదు. కేసు వేద్దామని వకీలు దగ్గరికి పోతే, ముందు ఫైలు కాపీ తెమ్మన్నాడు. పోయాను.

"పేషెంటు ఎవరండీ?" అని అడిగింది మేడమ్.

"నా భార్య."

"ఆవిడ సంతకంతో అర్జీ తీసుకురండి, ఇస్తాను."

"నేను మొగుణ్ణి. నాకియ్యనీకి ఏం తక్లీఫ్?"

"మొగుడు మీరే, ఎవరు కాదన్నారు? ఫైలు మాత్రం ఆవిడది."

నాకు తిక్క లేచింది. "చెప్పకుండ నా భార్య గర్భసంచి తీసిండ్రు, ఇప్పుడు కాయితాలు సుత దాస్తున్నరా?" అని వరండా అదిరేలా అరిచాను. మందుల కోసం నిలబడ్డ లైనంతా ఇటు తిరిగింది. మేడమ్ లేచి తలుపు మూసింది.

"ఆవిడ కడుపు సంగతి ఆ లైనంతటికీ చెప్పారు. చెప్పొచ్చా అని ఆవిడని అడిగారా?"

అడగలేదు. అది ఒప్పుకునే రకాన్ని కాను గనక విసురుగా వచ్చేశాను.

మర్నాడు అర్జీ రాయించి, కింద నా భార్య పేరు నేనే రాసి పట్టుకుపోయాను. రేషన్ కాయితం నుంచి గ్యాస్ పుస్తకం దాకా ఆమె సంతకాలన్నీ నేనే పెట్టేవాణ్ణి. అది తప్పని ఎప్పుడూ తోచలేదు. మేడమ్ ఫైలు తెరిచి పక్కన పెట్టుకుని, ఒకసారి చూసి కాయితం వెనక్కి తోసింది.

"ఇది ఆవిడ రాయలేదు. కోర్టులో బయటపడితే డాక్టరు కాదు, మీరు నిలబడాలి బోనులో. చింపేసి, ఆవిడని తీసుకురండి."

మూడో రోజు ఇద్దరం పోయాం. మేడమ్ నా భార్యకు కుర్చీ వేసి, నాతో "మీరు బయట టీ తాగి రండి మేస్త్రీ గారూ" అన్నది. నా భార్య సంగతిలో నన్ను బయటికి పంపినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. నేను తిరిగొచ్చేసరికి నా భార్య అర్జీ మీద తన పేరు తనే రాసేసింది. మూడు రోజుల్లో ఇవ్వాలని రూలట. మేడమ్ రెండో రోజే ఇచ్చింది, పేజీ పేజీకీ నంబరు వేసి, ముద్ర కొట్టి.

ఆ కాపీల్లోంచి వకీలు ఒక పేజీ తీసి బల్ల మీద పెట్టాడు. గర్భసంచి తీయడానికి ఒప్పుకుంటున్నట్టు ఇంగ్లీషులో ఉన్న కాయితం. కింద సంతకం నాది.

నా భార్య చాలాసేపు చూసింది. "నన్ను అడుగకపోతివి. పక్క మంచం మీదనే ఉంటి గద" అన్నది.

వకీలు చెప్పాడు: "ఆమె సంతకం లేదు, అది మనకు బలం. మొగుడు ఒప్పుకున్నడని వాళ్లంటరు. నాకు ఇంగ్లీష్ రాదు, చదువకుండ పెట్టిన అని నువ్వు కోర్టుల చెప్పాలె." నావల్ల కాదన్నాను. షెడ్డు మీద నా పేరుతో బోర్డుంది. నేను కొలిచిన గేటును ఇంజనీర్లు మళ్లీ కొలవరు. అలాంటివాణ్ణి నలుగురిలో నాకు చదువు రాదనాలా? వకీలు కేసు వేసేశాక కూడా, వద్దు, మానేద్దామనుకున్నాను. నా భార్య బలవంతపెట్టలేదు. నాతో మాట్లాడటం తగ్గించింది, అంతే.

ఎటూ తోచక మేడమ్ దగ్గరికి పోయాను. "కేసు సంగతి నాతో మాట్లాడకండి మేస్త్రీ గారూ, నేను ఆసుపత్రి మనిషిని" అన్నది. లేచి వస్తుంటే మాత్రం, "కోర్టువాళ్లు నన్నూ ఫైలు పట్టుకు రమ్మన్నారు. అందులో ఉన్నది మార్చను, లేనిది కలపను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే" అన్నది.

వినియోగదారుల కోర్టులో నా వంతు వచ్చింది. "నాకు ఇంగ్లీష్ రాదు సార్. సదవకుండనే సంతకం పెట్టిన. నా భార్యను అడుగలే" అన్నాను. ఎవరూ నవ్వలేదు. తరువాత మేడమ్ లేచింది. పేషెంటు సంతకం ఉండాల్సిన చోట ఏముందని జడ్జి అడిగితే, "ఖాళీగా ఉందండి" అన్నది. ఆమెకు జీతమిచ్చేవాళ్లు ఎదురుగానే కూర్చున్నారు. అప్పుడు ఆసుపత్రి వకీలు మరో పేజీ చదవమన్నాడు, నా భార్య డాక్టరుతో చెప్పుకున్న పాత సంగతులు రాసిన పేజీ. మేడమ్ ఫైలు మూసింది.

"ఈ ఆపరేషన్‌కి సంబంధం లేని పేజీ అండి. జడ్జిగారు ఆజ్ఞాపిస్తే వారి చేతికిస్తాను. గట్టిగా చదవలేను."

జడ్జి తెప్పించుకుని, లోపల్లోపల చదువుకుని, అవసరం లేదని తిరిగిచ్చేశాడు. అందులో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఒకసారి అడిగితే నా భార్య, "డాక్టర్‌కు చెప్పిన, నీకెందుకు?" అని నవ్వింది. నాతో మళ్లీ నవ్వింది, అది చాలు.

తీర్పు మా వైపు వచ్చింది. ప్రాణం మీదికి రానప్పుడు, తెలివిలో ఉన్న మనిషిని అడగకుండా మొగుడి సంతకం చాలదన్నారు. పోయిన గర్భసంచి ఎలాగూ రాదు. మేడమ్‌ను మాత్రం దుప్పట్లు ఉంచే గదికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే చేసింది. "పరేషాన్ అయితలేదా మేడమ్?" అని అడిగాను. "దుప్పట్లకి రహస్యాలుండవండి, హాయిగా ఉంది" అన్నది.

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కు యాప్రాల్‌లో వాళ్లింటికి పోయేవాళ్లం. పండగ పిండివంట గులాబీ పువ్వులు చేసి పెట్టేది. వాళ్లిద్దరూ వంటింట్లో, నేను పళ్లెంతో వరండాలో. లోపల ఏం మాట్లాడుకుంటున్నారని నేను ఎన్నడూ చెవి పెట్టలేదు.

మంగళవారం ఆ ఇంటి ముందు జనం ఉన్నారు. ఏం జబ్బు, ఎన్నాళ్ల నుంచి అని ఎవరో ఆమె కూతుర్ని అడుగుతున్నారు. నా నోటి దాకా కూడా అదే వచ్చింది. మింగేశాను.

గేటు పక్కన బల్ల మీద, వచ్చినవాళ్లు పేర్లు రాసే పుస్తకం పెట్టారు. పెన్ను తీసుకుని నా పేరు రాశాను. అలవాటు కొద్దీ కింది గీతలో నా భార్య పేరు కూడా రాయబోయి ఆగి, పెన్ను ఆమెకిచ్చాను. ఆమె కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరమే రాస్తోంది. వెనక లైను పెరుగుతోంది. పేజీ గాలికి లేవకుండా పుస్తకం అంచు పట్టుకుని నిలబడ్డాను.