గోడకవతల మా యారాలు

మా యారాలు పోయిందన్న మాట కూడా నాకు గోడ మీదుగానే వచ్చింది. పొద్దున్నే పాలు కాస్తున్నాను. గోడ అవతల నుంచి మా బావ మా ఆయనను పిలిచి, "మీ వదిన లేదురా" అన్నాడు. నేను స్టవ్వు ఆపి బయటికి వచ్చేసరికి మా ఆయన గోడ దూకేశాడు. నేను వీధిలోంచి తిరిగి వాళ్ళ గేటు తీసుకుని వెళ్ళాను. ఆ గేటు తీసి ఎన్నేళ్ళయిందో, గడియ ఎటువైపు జరపాలో తెలియక కాసేపు తడుముకున్నాను.

తోడికోడలిని మా వైపు యారాలు అంటారు. ఆమె పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. మా ఇద్దరికీ పడదని పూతలపట్టులో తెలియనివాళ్ళు లేరు. పెద్దకర్మ రోజు చుట్టాలు నన్ను కూర్చోబెట్టి, "ఇంకనన్నా కోపం వదిలెయ్యమ్మా, మనిషే పాయె గదా" అన్నారు. మనిషి పోతే కోపం ఎక్కడికి పోతుంది? అది నా దగ్గరే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె గురించి తీపి మాటలు రాసేవాళ్ళు వేరే ఉంటారు. ఆమెను రోజూ విన్నదాన్ని నేనే.

నేను పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆమె అక్కడ పాతబడిపోయి ఉంది. తిరుపతి టౌనులో పెరిగిన మనిషి. ఆమె అన్న మద్రాసు వెళ్ళినప్పుడల్లా బర్మాబజారులో ఏదో ఒకటి కొనుక్కొచ్చి చెల్లెలికి ఇచ్చేవాడు. లెక్కలు చేసే చేతి గడియారం, జేబులో పట్టే రేడియో, చెవుల్లో పెట్టుకుని పాటలు వినే డబ్బా. అవి చెడిపోయేదాకా ఆమె ఆగేది కాదు. బాగున్నప్పుడే విప్పేది. వంటింటి గట్టు మీద పేపరు పరిచి, మరలన్నీ వరుసగా పెట్టి, "తెరిచి సూడకపోతే ఎట్ల తెలుస్తాది?" అనేది. అన్నం మాడిన వాసన వచ్చినా తల ఎత్తేది కాదు. నేను వంట చేస్తుంటే మాత్రం ఆ చేతి గడియారంలో బొత్తాం నొక్కి నిలబడేది. "కూరకు ఇంతసేపా? మీ పలమనేరులో తినేది ఆవులే గదా, వాటికి తొందరుండదులే" అనేది. మా అత్త నవ్వేది. నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఇంటికి టెలిఫోను వచ్చినప్పుడు దాన్ని పెద్ద కొడుకు గదిలో పెట్టారు. అంటే ఆమె గదిలో. ఆమె దానికి చిన్న తాళం వేసింది. మా అమ్మకు ఫోను చేయాలంటే నేను ఆ గుమ్మం దగ్గర నిలబడి అడగాలి. ఆమె తాళంచెవి కొంగుముడి విప్పేదాకా ఆగాలి. ఇది చిన్న విషయమే. తర్వాత జరిగింది చిన్నది కాదు.

ఒకరోజు పొద్దున మా నాయన పలమనేరులో పొలం గట్టు మీదే కూలిపోయాడు. మా అన్న వెంటనే మాకు ఫోను చేశాడు. మోగలేదు. మళ్ళీ చేశాడు. మధ్యాహ్నం దాకా చేస్తూనే ఉన్నాడు. ఎందుకు మోగలేదంటే ఆ పూట మా యారాలు టెలిఫోను విప్పి మంచం మీద పరిచింది. లోపల గంట ఎలా కొడుతుందో చూడాలనిపించిందట. చివరికి మా వాళ్ళలో ఒకతను బస్సెక్కి వచ్చి చెప్పాడు. నేను పరుగెత్తాను. మొగిలి ఘాటు రోడ్డులో లారీలు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. నేను ఊరు చేరేసరికి శ్మశానం నుంచి మగవాళ్ళు తడిబట్టలతో తిరిగి వస్తున్నారు. మా నాయన ముఖం నేను చూడలేదు.

తిరిగొచ్చాక ఆమె గది ముందు నిలబడి అడిగాను. "అక్కా, ఆ పొద్దు ఫోను ఎందుకు విప్పినావు?"

"ఆ పొద్దే మీ నాయన పోతాడని నాకేమి తెల్సు?" అంది.

అంతే. తప్పయిందనలేదు, పాపం అనలేదు. తల దించుకోను కూడా లేదు. ఆ మాట తర్వాత ఒకే పొయ్యి మీద మేమిద్దరం వండలేకపోయాం. మా అత్త చనిపోయిన యేడే పెరట్లో గోడ లేచింది. మా ఆయనకు ఇష్టం లేదు, బావకూ లేదు. గోడ మా ఇద్దరి కోసం కట్టిందే.

గోడ వచ్చాక మాటలు ఆగాయి కానీ ఆమె గొంతు ఆగలేదు. ప్రతి ఉగాదికీ పచ్చడి తిన్నాక పెరట్లో నిలబడి ఆ యేడు తాను సాధించబోయేది గట్టిగా చెప్పేది. మొగుడికి చెబుతున్నట్టే ఉండేది, వినాల్సింది మాత్రం నేను. "ఈ యేడు పదో తరగతి పరీక్ష కట్టి పాసవుతా." పాసయింది, రెండోసారికి. "ఈ యేడు స్కూటరు నేర్చుకుంటా." నేర్చుకుంది. మా గేటుకు రెండుసార్లు గుద్ది మరీ నేర్చుకుంది. సెల్లు మా ఊరికి వచ్చిన కొత్తల్లోనే ఆమె చేతికి ఒకటి వచ్చింది. అప్పటి నుంచి ఆ ఉగాది మాటలన్నీ దాంట్లో అలారాలుగా పెట్టుకునేది. తెల్లారి నడకకు ఒక పాట, చదువుకు ఒక పాట, షుగరు మాత్రకు ఒక పాట. అన్నీ నాకూ వినిపించేవి. ఆమె సెల్లు ఇంట్లో మరిచిపోయి ఎక్కడికైనా వెళితే ఆ పాట ఆగకుండా మోగేది. నేను పెరట్లో నిలబడి తిట్టుకునేదాన్ని.

మా బావకు ఇదంతా ఒళ్ళుమంట. ఒకసారి ఆమె సెల్లు రిపేరు నేర్చుకోవడానికి తిరుపతిలో చేరతానంది. గోడ అవతల పెద్ద గొడవ. "రోజూ బస్సెక్కి పోయి మొగోళ్ళ మధ్య కూసుంటావా? పూతలపట్టులో నా తల యాడ పెట్టుకోవాల?" అని అరిచాడాయన. ఆమె ఏమందో వినపడలేదు. తర్వాత ఆయన నీళ్ళ తొట్టిలోకి ఏదో విసిరిన చప్పుడు. ఆమె సెల్లు. నాకు లోపల సంతోషమే వేసింది, దాచడం దేనికి. తర్వాత ఆమె గొంతు నింపాదిగా వినిపించింది. "మంచిదాయె. తడిస్తే ఏమవుతాదో ఇంతదంకా సూడలే." దాన్ని విప్పి, తుడిచి, ఎండలో పెట్టి, మళ్ళీ మోగించింది. మరుసటి వారం తిరుపతి బస్సెక్కింది.

పూతలపట్టు కూడలిలో టీ అంగడి పక్కన చిన్న గది తీసుకుని రిపేరు మొదలుపెట్టింది. మొదట్లో బాగుచేసినవాటి కంటే పాడుచేసినవే ఎక్కువ. కొందరు వచ్చి గదిముందు నానా మాటలూ అనేవాళ్ళు. "పొయ్యి దగ్గర ఉండాల్సిన చెయ్యి సెల్లులో పెడితే ఇంతే" అని ఒకాయన అన్నాడని మా ఆయన ఇంటికొచ్చి చెప్పాడు. "అక్కేమనింది?" అని అడగాలనుకుని ఊరుకున్నాను. మా ఆయనే చెప్పాడు. "నీ సెల్లు నాకాడ వదిలేసి పొయ్యికాడికి నువ్వే పో, సాయంత్రానికి రెండూ అయితాయి అనింది" అన్నాడు. మేమిద్దరం నవ్వాం. ఆ ఇంటివైపు చూసి నవ్వడం చాలా యేళ్ళకు అదే మొదటిసారి.

ఆ నవ్విన రోజుల్లోనే అనుకుంటాను, నేను బట్టలు ఆరేస్తుంటే ఆమె గోడ దగ్గరికి వచ్చింది. గోడ మీద ఒక సెల్లు పెట్టింది. పాతదే, కొత్త డొప్ప వేసింది.

"ఏమ్మే, ఇది నీకు. సిమ్ము కూడా వేసినా. ఇంక నీ ఫోను నీ చేతిలోనే ఉంటాది. మోగకపోతే నన్ను అనాకు."

"ఇప్పుడు నాకు చెయ్యడానికి మా నాయన యాడుండాడక్కా?" అన్నాను.

ఆమె ముఖం అప్పుడు ఎలా ఉందో నాకు తెలియదు. ఎండ నా కళ్ళలో పడుతోంది. ఆమె సెల్లు అక్కడే వదిలి లోపలికి వెళ్ళిపోయింది. నేను ముట్టుకోలేదు. సాయంత్రం మబ్బు పట్టింది. వాన చినుకులు మొదలవగానే మా ఆయన వెళ్ళి తీసుకొచ్చి బీరువా మీద పెట్టాడు. కొన్నాళ్ళు అది అక్కడే ఉంది. తర్వాత మా అమ్మకు ఒంట్లో బాగుండలేదు. అప్పుడు తీశాను.

దాన్ని వాడటం ఆమే నేర్పింది, గోడ అవతల నుంచి, తిడుతూ. "పచ్చది నొక్కితే ఎత్తినట్టు, ఎర్రది నొక్కితే పెట్టినట్టు. అది కూడా తెలీదా నీకు?" మెసేజి ఎలా కొట్టాలో నేర్చుకున్నాక మా యుద్ధం దాంట్లోకి మారింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళం. "నీ చీర నీళ్ళు నా మిరపకాయల మీద కారతా ఉండాయి" అని ఆమె. "మిరపకాయలు గోడ కింద ఎవురు ఆరబెట్టమన్నారు" అని నేను. ఆమెకు నిజంగా కోపం వస్తే మెసేజి కూడా ఉండేది కాదు, మిస్డ్ కాలే. నేను పెరట్లోకి వచ్చి, నావైపు తప్పేముందో వెతుక్కోవాలి.

మా అమ్మకు బాగా సీరియస్‌గా ఉందని అన్న ఫోను చేసినప్పుడు అది నా చేతిలోనే మోగింది. మా ఆయన ఊళ్ళో లేడు. ఆ రోజు బస్సులు బందు. నేను వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఆమె స్కూటరు తీసి నా ముందు ఆపింది.

"ఎక్కు."

"పలమనేరక్కా. ఘాటెక్కాల. నీవల్ల కాదు."

"ఎక్కమంటే ఎక్కవే. కాదో అవునో ఘాటులో సూస్తాంలే."

అంత దూరం ఆమె ఎన్నడూ బండి నడపలేదు. లారీ వచ్చినప్పుడల్లా బండి అటూ ఇటూ ఊగేది. నేను ఆమెను తాకకుండా వెనక కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. మొగిలి దగ్గర ఎత్తు మొదలవగానే కేకేసింది. "నడుం పట్టుకోవే! నామీద కోపం దిగినాక సూపిద్దువు!" పట్టుకున్నాను. ఆమె వీపు చెమటతో తడిసిపోయి ఉంది. ఆమె కూడా భయపడుతోందని అప్పుడు తెలిసింది.

మా అమ్మ నన్ను గుర్తుపట్టింది. నా చేయి పట్టుకుంది. నేను పక్కన ఉండగానే పోయింది. బయటికి వచ్చి చూస్తే మా యారాలు వీధి చివర బండి పక్కన నిలబడి ఉంది. ఎవరు పిలిచినా లోపలికి రాలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. మా నాయన ఇల్లు అది. ఆమె ఎందుకు రాలేదో నాకు తెలుసు. నేను పిలవలేదు. ఆ రెండు పనులూ సరైనవేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆమె చేసిన మేలుకు నా జీవితమంతా రుణపడి ఉంటాను. ఆమె చేసిన కీడు అందులో చెల్లిపోలేదు. రెండూ విడివిడిగా ఉన్నాయి.

షుగరు ఆమె కిడ్నీలదాకా వెళ్ళింది. తిరుపతి ఆస్పత్రికి తిరగడం మొదలైంది. ఒళ్ళు తగ్గింది, నోరు తగ్గలేదు. కిందటి ఉగాదికి పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చుని చెప్పింది. "ఈ యేడు శ్రీహరికోటలో రాకెట్టు లేస్తాంటే నా సెల్లులో పట్టాల." అప్పటికి ఆమె దగ్గర బొమ్మలు తీసే సెల్లు ఉంది. రాకెట్టు వదులుతారని పేపర్లో వచ్చిన రోజు నాకు మెసేజి వచ్చింది. "కారులో ఒక సీటు ఖాళీ. వస్తే రా. రాకపోతే ఆడ సంచి పెడతా."

వెళ్ళాను. దారి పొడుగునా కిటికీ అద్దం గురించి పోట్లాడుకున్నాం. నాకు గాలి కావాలి, ఆమెకు వద్దు. ముందు సీట్లో బావ కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. సూళ్ళూరుపేట దాటాక రోడ్డు పక్కన చెరువులాగా పరుచుకున్న నీళ్ళ దగ్గర జనం ఆగి ఉన్నారు. మేమూ దిగాం. ఆమె చెప్పులు విప్పి బురద అంచుదాకా వెళ్ళి సెల్లు పైకెత్తి నిలబడింది.

దూరంగా మంట కనిపించింది. జనం కేకలు వేశారు. కాసేపటికి చప్పుడు వచ్చి గుండెను తాకింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను. ఆమె మాత్రం సెల్లును కొడుతోంది. లోపల చోటు నిండిపోయిందని చూపిస్తోందట. పాతవి చెరిపి తల ఎత్తేసరికి రాకెట్టు లేదు.

"సూసినావా?" అంది.

"సూసినా."

"ఎట్లుండె?"

"నీ సెల్లులో సూసుకో" అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆమె కాళ్ళు నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి. బురదలో ఇంకా కిందికి దిగుతున్నాయి. చెప్పాను. మొదట భూమి మీద దీపం పెట్టినట్టు కనిపించిందనీ, తర్వాత కాషాయం రంగు మంట కాడలాగా సాగిందనీ, పైకి పోయేకొద్దీ తెల్లబడిందనీ.

ఆమె శ్రద్ధగా విని, "అంత ఎర్రగా ఏమీ ఉండదులే. నీవన్నీ కోతలు" అంది.

జనం కార్లెక్కుతున్నారు. బావ రమ్మని పిలుస్తున్నాడు. ఆకాశంలో మిగిలిన పొగ గాలికి వంకర తిరిగి, పలచబడి, మబ్బులో కలిసిపోతోంది. మా యారాలు నాకు వీపు పెట్టి, పాదాలు మునిగేంత బురదలో నిలబడి, రెండు చేతులా సెల్లు పైకెత్తి ఆ పొగనే పట్టుకుంటోంది.