కింది వాటా మావయ్యకు మిగిలిన ఒక్క అక్షరం

కింది వాటా మావయ్య మంగళవారం పొద్దున్న పోయాడు. ఆ కబురు అందే సమయానికి నేను అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాను. ఆయన కూతురు, నేను అక్కా అని పిలిచే మనిషి, మెట్లెక్కి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "నాన్న ఎలిపోయాడురా" అంది. సగం గడ్డంతో, సగం సబ్బు నురగతో కిందికి దిగాను. ఒక పెద్దమనిషికి తుది వీడ్కోలు చెప్పడానికి తగిన వేషం కాదని నాకు తెలుసు. ఆయన చూసుంటే "ఏటల్లుడూ, సగం సరుకే దింపినావేటి?" అనేవాడు. ఆయన అనలేదు. అప్పటికి పంతొమ్మిది రోజులుగా ఆయన ఏమీ అనడం లేదు, ఒక్క అక్షరం తప్ప. ఈ నాలుగు పేజీలూ ఆ అక్షరం గురించే.

ఆయన నాకు మేనమామ కాడు. గోపాలపట్నంలో మాది పై వాటా, వాళ్లది కింది వాటా. గేటు ఒకటే, నీళ్ల మోటారు ఒకటే, పండగ అరిసెల గిన్నె ఒకటే. అంత ఉమ్మడి ఉన్నాక చుట్టరికం దానంతటదే పుట్టింది. పోర్టులో సిగ్నల్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. సిగ్నల్ అనేసరికి రైల్వే వాళ్లలా పచ్చజెండా ఊపుతాడని నేను ఇంటర్ దాకా అనుకున్నాను. తర్వాత సరిగ్గా అడిగి తెలుసుకున్నానా అంటే అదీ లేదు. పాస్ లేకుండా పోర్టు గేటు దాటనివ్వరు కాబట్టి ఆయన పని చేస్తుండగా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆ ఇంటికి ఆయన వచ్చేది మాట్లాడటానికే.

"డ్యూటీలో నోటికి పనుండదల్లుడూ. అందుకే ఇంటికొచ్చి దానికి ఓటీ ఏత్తాను" అనేవాడు.

"ఆ ఓటీ నా సెవులకి పడతంది" అనేది అత్త వంటింట్లోంచి.

ఆయనకో పిచ్చి ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వియత్నాం నావికుడికి గుండెల మీద చెయ్యేసుకుని "మా వైజాగ్" అని గొప్పగా చెప్పాడట. ఆ కుర్రాడు మొహం పాలిపోయి వెనక్కి తిరిగి చూశాడట. వాళ్ల భాషలో 'మా' అంటే దెయ్యం. అది తెలిశాక మావయ్య మరి ఆగలేదు. వచ్చిన ప్రతి ఓడలోనూ టీ తాగే వేళకి ఒకణ్ని పట్టుకుని, రెండు ముక్కల ఇంగ్లీషు, మిగతాది చేతి సైగలు కలిపి, "మీ ఊళ్లో మా అంటే ఏటి?" అని అడిగేవాడు.

ఇటలీవాడికి అది 'కానీ'. ఇరాన్‌వాడికి 'మేము'. అరబ్బు వంటవాడికి చివర గొంతు కాస్త నొక్కితే నీళ్లు. బెంగాలీవాడికి అమ్మ. ఎస్టోనియా అనే చిన్న దేశం నుంచి వచ్చిన ఒక పొడుగు మనిషికి అది 'నేను'. చైనావాడు అదే అక్షరాన్ని నాలుగు రాగాల్లో పలికి చూపించాడట, ఒక రాగంలో తల్లి, ఇంకో రాగంలో గుర్రం. మావయ్యకి దాంతో పెద్ద బెంగ పట్టుకుంది. "మరి జలుబు సేసినోడు అమ్మా అని పిలిత్తే గుర్రం రాదేటి?"

ఇటలీ అర్థం మాత్రం అత్త కోసమే పుట్టిందని ఆయన నమ్మకం. "మీ అత్త ఆ దేశంలో పుట్టాల్సిందల్లుడూ. నోరు తెరిత్తే కానీ, కానీ, కానీ."

"పుట్టుంటే ఈ మనిసి తప్పేవోడు, ఆ లాభం ఒకటుండేది" అనేది అత్త.

నేను బీఏ చదివేటప్పుడు ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించాను. నా చదువుకు ఇంతకన్నా గొప్ప ప్రయోజనం అప్పటికీ లేదు, తర్వాతా రాలేదు. ఆయన కోతలు కోస్తున్నాడేమోనని ప్రతిదీ ఫోన్లో సరిచూశాను. దురదృష్టం, అన్నీ నిజాలే. ఆయనకి అన్నిటికన్నా నచ్చింది ఒక జపాన్ నావికుడు చెప్పింది. వాళ్లకి 'మా' అంటే రెండు వస్తువుల నడుమ ఉండే ఖాళీ అట. "సూసినావా, ఏటీ లేకపోడానికి కూడా ఒక పేరెట్టుకున్నారు. అచ్చరం ఒకటే అల్లుడూ. ఓడ మారితే సరుకు మారిపోద్ది." ఈ మాట అన్నాక టీ గ్లాసు నేల మీద పెట్టి, నేను రాసుకున్నానో లేదో వంగి చూసేవాడు.

ఇక్కడి వరకూ నవ్వుతూ చెప్పగలిగాను. ఇక ముందు ఎలాగో చూద్దాం.

ఒక గురువారం ఆయన పెరట్లో పడిపోయాడు. ఆసుపత్రిలో వారం రోజులుంచి పంపించారు. కుడిపక్క చచ్చుబడిపోయింది. మాట పోయింది. పోయింది అంటే మొత్తం పోయుంటే బాగుండేది. ఒక్క అక్షరం మిగిలింది. ఆ అక్షరం ఏమిటో మీరు ఊహించే ఉంటారు.

"మా" అన్నాడు, నా వైపు చూసి.

డాక్టరు చాలా మర్యాదగా చెప్పాడు. ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు కొందరికి ఒక్క శబ్దమే మిగులుతుంది, ఏం చెప్పాలనుకున్నా అదే బయటికి వస్తుంది, ఆ శబ్దంలో అర్థం వెతక్కండి అన్నాడు. చెప్పింది అర్థమైంది. కానీ నేను ఆ మనిషి దగ్గర నోట్‌బుక్ నింపినవాణ్ని. వెతక్కుండా ఎలా ఉంటాను?

ఇంటికి తెచ్చాక సర్జికల్ షాపు నుంచి ఎత్తు మంచం ఒకటి అద్దెకి తెచ్చి ముందు గదిలో వేశాం. రెండు పక్కలా ఇనుప కడ్డీలు. ముక్కులో గొట్టం. తల ఎత్తు మీదే ఉండాలన్నారు, ఉంచాం. ఆయన రోజంతా మమ్మల్ని చూసి "మా, మా" అంటూనే ఉన్నాడు. ఏదో కావాలి. అది కావాలని కళ్లు చెబుతున్నాయి, మెడ నరాలు చెబుతున్నాయి. ఏమిటో తెలీదు.

నీళ్లు తడిపిన దూది పెదాలకి అద్దాను. అది అరబ్బు. "మీ అమ్మ ఫొటో కావాలా మావయ్యా?" అని గోడ మీది పటం దించి చూపించాను. అది బెంగాలీ. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక సాయంత్రం ఫోన్లో గుర్రం బొమ్మ కూడా చూపించాను. ప్రతిదానికీ తలూపాడు. ఔనన్నా ఊపాడు, కాదన్నా ఊపాడు. గుర్రాన్ని చూసి మాత్రం కళ్లు మూసుకున్నాడు. పక్కకి ఒక చుక్క జారింది. అత్త నా చేతిలో ఫోన్ లాక్కుని సోఫా మీదికి విసిరింది.

"నీ సదువు తగలెయ్య. మనిసి సచ్చిపోతంటే ఆటలేట్రా నీకు?"

ఆటలు కావు. నా దగ్గర ఇంకేమీ లేదు. ఆ నోట్‌బుక్ ఒక్కటే ఉంది.

ఆయన ఎడమ చెయ్యి బాగానే ఉంది. అది ఊరుకునేది కాదు. కడ్డీల సందులోంచి బయటికి వేలాడేసి, చూపుడువేలు కిందికి పెట్టి, గుండ్రంగా చిన్నగా తిప్పుతూ ఉండేవాడు. మంచం కింద ఏదో ఉందని అక్క అనుకుంది. వంగి ఒకటొకటే తీసి చూపించింది. చెప్పులు, బకెట్, మాత్రల సంచి. ఏదీ కాదు. నేను ఇంకా తెలివైనవాణ్ని కదా, ఆయన గాలిలో రాస్తున్నాడని కనిపెట్టాను. పలక తెచ్చి వేలి కింద పెట్టి, వేళ్ల మధ్య సుద్దముక్క ఇరికించాను. పలక నిండా సున్నాలు పడ్డాయి. ఒకదాని మీద ఒకటి, సున్నా, సున్నా, సున్నా.

"పూర్ణానుస్వారం" అన్నాను, అక్కని నవ్విద్దామని. అక్క నవ్వలేదు.

పద్నాలుగో రోజున ఆ చేత్తోనే ముక్కులో గొట్టం లాగేసుకున్నాడు. మళ్లీ వేయించడానికి నానా అవస్థ పడ్డాం. ఇంకోసారి లాగితే ప్రమాదమన్నారు. అత్త పాత చీర అంచు చింపి ఇచ్చింది. ఆ చెయ్యిని కడ్డీకి కట్టింది నేనే. ముడి బిగుసుకోకుండా, ఊడకుండా, చాలా జాగ్రత్తగా కట్టాను. కట్టిన చేతికి ఆ వేలు ఒక్కటే స్వేచ్ఛగా ఉండేది. అది తిరుగుతూనే ఉంది. నిద్రలో ఆగేది, మెలకువ రాగానే మొదలయ్యేది. చివరికి అది నరాల జబ్బులో ఒక భాగమని మాకు మేమే చెప్పుకుని చూడటం మానేశాం. ఆయన నోటి వైపే చూస్తూ కూర్చున్నాం.

ఆదివారం మధ్యాహ్నం క్రేన్ బావ వచ్చాడు.

మావయ్య సిగ్నల్ ఇస్తే క్రేన్ నడిపిన మనిషి. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు, అందుకని మా అందరికీ ఆయన క్రేన్ బావే. కంటి ఆపరేషన్ చేయించుకుని అనకాపల్లిలో కూతురి దగ్గర ఉండటం వల్ల ఆయనకి ఆలస్యంగా తెలిసింది. నల్ల కళ్లద్దాలతో గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా మంచం వైపు చూశాడు. మొహం చూడలేదు. చెయ్యి చూశాడు.

"ఎవుడ్రా ఆడి సెయ్యి కట్టింది?"

నేనేనని చెప్పాను. గొట్టం సంగతీ చెప్పాను. ఆయన వినడం లేదు.

"ఎన్నాళ్ల బట్టి అంటన్నాడిలాగ?"

"ఏమంటున్నాడు బావా? మా అనేనా? అది ఇంటికొచ్చిన రోజు నుంచీ..."

"నోరు కాదెహె. ఏలు. దించమంటన్నాడు కదరా!"

ఎవరికీ అర్థం కాలేదు. క్రేన్ బావ తన చెయ్యి ముందుకి చాచి, చూపుడువేలు నేల వైపు పెట్టి, గుండ్రంగా తిప్పాడు. అచ్చం అదే. ఓడ అడుగున ఏముందో పైన క్రేన్ లోంచి కనబడదట. అంచున నిలబడిన సిగ్నల్‌మేన్ వేలే దానికి కన్ను. వేలు పైకి తిరిగితే ఎత్తాలి. కిందికి తిరిగితే దించాలి. చిన్నగా తిరిగితే నెమ్మదిగా దించాలి. ఉద్యోగమంతా ఆ వేలు చెప్పింది అదే.

"మంచం మీంచి దించమంటన్నాడు. ఆడెప్పుడు మంచమెక్కినాడు గనక? నేల మీదే కదా పడుకునీవోడు."

నిజమే. సిమెంటు నేల మీద చాప, తలకింద మడతపెట్టిన తువ్వాలు. వేసవీ అదే, చలికాలమూ అదే. అది మా అందరికీ తెలుసు. పదకొండు రోజులుగా ఆయన ఈ ఇంట్లో, తనకి వచ్చిన అన్నిటికన్నా పాత భాషలో, తప్పు లేకుండా, ఆపకుండా చెబుతున్నాడు. నేను గుర్రం బొమ్మలు చూపించాను. సుద్దముక్క ఇచ్చాను. చివరికి కట్టేశాను.

నేను ముడి విప్పుతున్నాను. అప్పుడు అత్త లేచి మంచానికి అడ్డంగా నిలబడింది.

"వొద్దన్నయ్యా. నేల మీదికి దించొద్దు."

"ఆడే అడుగుతన్నాడు సెల్లెమ్మా."

"మనిసిని మంచం మీంచి ఎప్పుడు దించుతారో నాకు తెల్దేటి? దించితే మరి లెగడు. ఆ పని నా సేతుల్తో సెయ్యమంటావా?" ఆమె మంచం కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. "ఇంకో నాలుగు రోజులు ఉండనియ్యండి. మీకేటి పోనాది?"

క్రేన్ బావ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. డాక్టరు ఆ కళ్లు తడపొద్దన్నాడని తర్వాత తెలిసింది.

"నాను పైన కూకుంటే నాకేటీ కనపడీది కాదు సెల్లెమ్మా. కింద సరుకు సర్దీ కలాసీలు నలుగురో అయిదుగురో ఉండీవోరు. ఆడు దించమన్నాడు, దించినాను. ఆపమన్నాడు, ఆపినాను. ఎందుకని ఒక్కపాలి అడగనేదు. ఒక్క మనిసికి దెబ్బ తగలనేదు."

అత్త మంచం వైపు తిరిగింది. మావయ్య ఆమెనే చూస్తున్నాడు. వేలు తిరుగుతోంది. ఆఖరికి ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, లోపలికి వెళ్లి, చాప తెచ్చి పరిచింది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టింది. గొట్టం కోసం తల ఎత్తుగా ఉండేలా రెండు దిళ్లు అడుగున సర్దింది. నేను ఆ ముడి పూర్తిగా విప్పేశాను.

దుప్పటి నాలుగు మూలలూ నలుగురం పట్టుకున్నాం. అత్త, అక్క, నేను, క్రేన్ బావ. క్రేన్ బావ మావయ్య వేలి మీదినుంచి చూపు తిప్పలేదు, మేము క్రేన్ బావ చేతుల మీదినుంచి తిప్పలేదు. వేలు చిన్నగా తిరిగినంతసేపూ చిన్నగా దించాం. చాపకి జానెడు ఎత్తులో వేలు ఆగింది. మేమూ ఆగాం. అక్క మోచెయ్యి ఆయన భుజం కింద ఇరుక్కుంది, అది తీసుకుంది. వేలు మళ్లీ తిరిగింది. దింపాం.

నడుము నేలకి తాకగానే ఆయన గుండె లోపలినుంచి పెద్ద ఊపిరి ఒకటి బయటికి వచ్చింది.

"మా" అన్నాడు.

ఈసారి ఎవరం ఏమిటని అడగలేదు. అత్త ఆయన పక్కన, చాప మీద కాదు, నేల మీదే పడుకుంది. ఇద్దరూ కప్పు వైపు చూస్తున్నారు. నేను గుమ్మం దగ్గర గోడకి చేరబడి కూర్చున్నాను. క్రేన్ బావ బయట మెట్టు మీద కూర్చుని కళ్లలో మందు చుక్కలు వేసుకుంటున్నాడు, గురి కుదరక బుగ్గ మీద వేసుకుంటున్నాడు.

మావయ్య రెండు రాత్రులూ ఆ నేల మీదే ఉన్నాడు. అత్త భయమే నిజమైంది, మళ్లీ లేవలేదు. దించకపోతే లేచేవాడా అని ఎవరినీ అడగలేదు. అడిగి ఏం చేస్తాను?

ఆ ఆదివారం మధ్యాహ్నం సంగతి ఒకటి మిగిలింది. ఆ పెద్ద ఊపిరి తర్వాత ఆయన ఎడమ చెయ్యి చాప దాటి జరిగింది. అరచెయ్యి సిమెంటు మీద పరిచి, ఊడ్చారో లేదో చూసే మనిషిలా, మెల్లగా అటూ ఇటూ రాసి, ఒకచోట ఆనించి ఉంచాడు. తర్వాత ఆ చెయ్యి ఎత్తి అత్త చేతి మీద వేశాడు. నేల మీద చెమట తడికి అరచెయ్యి అచ్చు పడింది. అయిదు వేళ్లూ, వేళ్ల నడుమ ఖాళీలో పొడి నేలా. ఫ్యాన్ తిరుగుతోంది. చిటికెన వేలు ముందు ఆరిపోయింది, తర్వాత ఉంగరం వేలు. మిగతావి ఆరేవరకూ నేను అక్కడినుంచి లేవలేదు.