బుట్ట దిగని మూడు రోజులు

రేవులో అందరూ ఆయన్ని బుట్టలాయన అంటారు. ఆయన బుట్టలు అల్లడు, అమ్మడు. ఒడ్డునున్న ఎత్తయిన ఇనుప స్తంభం మీదికి నల్లరంగు పూసిన బుట్టను తాడుతో ఎక్కించడం, దించడం ఆయన ఉద్యోగం. బుట్ట పైనుంటే పడవలు కదలకూడదు, కిందికొస్తే కదలొచ్చు. సముద్రానికీ మనుషులకీ మధ్య ముప్పై నాలుగేళ్లుగా ఇంతటి రాయబారం నడుపుతున్నందుకు పైవాళ్లు ఆయనకొక కుర్చీ, ఒక గొడుగు మంజూరు చేశారు. గొడుగు ఇంకా రావలసి ఉంది.

ఆ సోమవారం పొద్దున వాతావరణ కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. "వాయుగుండం బలహీనపడి అల్పపీడనముగా మారినది. తిరిగి బలపడు అవకాశము స్వల్పము. హెచ్చరిక దించవచ్చును."

'స్వల్పము' దగ్గర ఆయన ఆగిపోయాడు. పదకొండేళ్ల కిందటి కాగితంలోనూ అదే మాట ఉంది. అప్పుడు ఆగలేదు; టీ చల్లారేలోగా బుట్ట దించేశాడు. పడవలోంచి బావమరిది "ఏం బావా, వెళ్లమంటావా?" అని కేకేస్తే, "వెళ్లరా, నీకు ముహూర్తం కూడా పెట్టాలా?" అన్నాడు. ఆ స్వల్పమే మూడోనాటికి తుఫానైంది. పడవ తిరిగి రాలేదు. ఆయన తప్పేమీ లేదని విచారణలో తేల్చి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి మరీ ఇచ్చారు. భార్య కూడా ఒక్క మాట అనలేదు. కాకపోతే ఆనాటి నుంచి ఆయన బుట్ట దించి ఇంటికొచ్చినప్పుడల్లా, కంచం పెడుతూ "దించారా?" అని అడుగుతుంది. అంతే.

ఇప్పుడు బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నది ఆ బావమరిది కొడుకు.

బుట్టలాయన నూనె డబ్బా పట్టుకుని, తాడు తిరిగే కప్పీకి నూనె వేసే నెపంతో స్తంభమెక్కాడు. యాభై ఏడేళ్ల మోకాళ్లు దారిలో రెండుసార్లు అభ్యంతరం చెప్పాయి. పైన తాడును కడ్డీకి బిగించి ముడివేసి, కిందికి దిగాడు.

"మామా, కాగితం వచ్చిందటగా, దించవేం?" అన్నాడు మేనల్లుడు.

"తాడు చిక్కుపడిందిరా."

"నేనెక్కి తీస్తాలే."

"పరాయివాళ్లు ఎక్కకూడదు. రూలు."

ఉద్యోగంలో ఆయన ఆడిన మొదటి అబద్ధమది. అలవాటు లేక చెవులు ఎర్రబడ్డాయి.

మంగళవారం నాలుగు చినుకులు పడ్డాయి. బుధవారం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. పడవలవాళ్లు ఊరుకుంటారా? "బుట్టలాయనా, తుఫాను దారి తప్పినట్టుంది, ఎదురెళ్లి తీసుకురమ్మంటావా?" ఆయన రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి కదా, ఒక్కసారి వచ్చి పోకూడదా అని జీవితంలో మొదటిసారి తుఫానును బతిమాలుకున్నాడు. మధ్యాహ్నం రేడియో అల్పపీడనం పూర్తిగా తొలగిపోయిందని సెలవిచ్చింది.

రేవు అధికారి వచ్చి, రూలును కాసేపు పక్కన పెట్టి, మేనల్లుణ్ణే పైకెక్కించాడు. వాడు పైన చాలాసేపు ఉండిపోయాడు.

"ఏమైందిరా?" అని అధికారి కింది నుంచి అరిచాడు.

"నిజంగానే చిక్కుపడింది సార్. తీసేశాను."

బుట్ట కిందికొచ్చింది. అధికారి వెళ్లాక మేనల్లుడు మామ పక్కన నిలబడి అరచేతులు తుడుచుకున్నాడు. "ఆ ముడి మా నాన్నది. ఆయన నేర్పింది నీకూ నాకే."

బుట్టలాయన వదులైన తాడును చుట్ట చుట్టసాగాడు.

"అప్పుడు కూడా చిక్కుపడి ఉంటే బాగుండేది కదా మామా," అన్నాడు మేనల్లుడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. వెళ్లి పడవెక్కాడు.

ఇంటి దగ్గర భార్య కంచం పెట్టింది. "దించారా?"

"మీ మేనల్లుడే ఎక్కి ముడి విప్పాడు."

"ఏమన్నాడు?"

పదకొండేళ్లలో ఆమె రెండో ప్రశ్న వేయడం అదే మొదలు. ఆయన కంచంలో వేళ్లు కదుపుతూ మంచినీళ్లు అడిగాడు.