స్టవ్ ముందు పల్లం

ఆర్లిస్ బ్రాండ్‌వోల్డ్ ఎవరి బండిలోకి వచ్చినా ముందు బూట్లు విప్పేస్తుంది. మర్యాద కోసం కాదు. మేజోళ్లతో, మడమ ముందు మోపి, తలుపు దగ్గర నుంచి వెనక మంచం దాకా ఒక్కో అడుగే వేసుకుంటూ నడుస్తుంది. నేల మెత్తగా దిగినచోట ఆగి సుద్దముక్కతో గీత గీస్తుంది. అంతవరకూ పలకరింపు కూడా ఉండదు. నాలాంటి వాగుడుకాయకి ఆ పది నిమిషాలూ ప్రాణం మీదికొస్తుంది.

మేమంతా చలికాలం అరిజోనా ఎడారిలో గడిపే ముసలివాళ్లం. ఇంజనూ వంటగదీ మంచమూ ఒకే కప్పు కింద ఉండే ఇంటిబండ్లలో నవంబరులో దిగుతాం, ఏప్రిల్ రాగానే ఎవరి దారిన వాళ్లం పోతాం. బండ్లకి నలభై ఏళ్లు దాటాయి. నార్త్ డకోటాలో బడిపిల్లలకు వండిపెట్టి రిటైరైన ఆర్లిస్, భర్త పోయాక తన బండి నేల తనే మరమ్మతు చేసుకుంటూ ఈ పని నేర్చుకుంది. ఇప్పుడు డెబ్బై రెండు. మా బండ్ల నేలలు బాగుచేసినందుకు బదులుగా ఒకరు ఆవిడ జుట్టు కత్తిరిస్తారు, ఒకరు బ్యాటరీలు చూసిపెడతారు. నేను బీన్స్ వండి పట్టుకెళ్తాను. ఉప్పు ఎక్కువైందని తిడుతూ గిన్నె ఖాళీ చేస్తుంది.

నా బండి నేల దిగినప్పుడు పాత చెక్క మీదే కొత్త ప్లైవుడ్ పరిచి, పైన తివాచీ వేసి, మహా పని చేశాననుకున్నాను. ఆవిడ మేజోళ్లతో రెండడుగులు వేసి ఆగింది.

"శవానికి కొత్త చొక్కా తొడిగావు మిల్ట్."

"గట్టిగానే ఉందిగా!"

"పీకు. చెక్క ముసలిదై చావదు, తడిసి చస్తుంది. ముందు నీళ్లెక్కణ్నుంచో తేలాలి. తర్వాతే రంపం."

కిటికీ అంచు నుంచి వాన కారుతోందని తేలింది. అప్పటి నుంచి ఆవిడ పనికి వెళ్తే నేను టార్చి పట్టుకుని వెంట వెళ్తున్నాను.

పోయిన మార్చిలో డ్వేన్ కెటర్‌మన్ బండికి వెళ్లాం. డ్వేన్ భార్య లవోన్ పోయి రెండేళ్లు. స్టవ్ ముందు నేల పళ్లెంలా దిగిపోయింది. జనవరిలో అక్కడే కాలు దిగబడి చీలమండ బెణికితే, ఐడహోలో ఉన్న కూతురు కార్లా ఫోన్లో మాట తీసుకుంది: ఏప్రిల్ ఒకటికల్లా నేల బాగుపడకపోతే బండి అమ్మేసి వాళ్లింటికి వెళ్లిపోవాలి. ఆయన మాటైతే ఇచ్చాడు గానీ, చేసిందల్లా బండి కింద రాయి పెట్టి, దాని మీద జాకీతో నేలని పైకెత్తి ఉంచడమే. మా వాళ్లలో సగం మంది చేసే తెలివితక్కువ పనే ఇది.

"జాకీ పెట్టుకునే రోడ్డెక్కుతావా?" అంది ఆర్లిస్.

"ఏదో ఒకటి చేస్తాను. అక్కడ మాత్రం రంపం పెట్టనివ్వను." డ్వేన్ స్టవ్‌కి అడ్డంగా నిలబడ్డాడు. "ముప్పై ఏళ్లు అక్కడే నిలబడి నాకు వండింది. తన పాదాలు పడీపడీ ఏర్పడ్డ పల్లం అది. నాకు మిగిలింది అదొక్కటే."

నేను టార్చి ఆర్పేశాను.

"సరే, కొయ్యను. నీళ్లెక్కణ్నుంచో చూసి పోతాను," అంది ఆర్లిస్.

స్టవ్ పక్కనే సింకు. లవోన్ పోయినప్పటి నుంచి డ్వేన్ కాగితపు పళ్లాల్లో తింటూ, సింకు కింద అర తెరిచిన పాపాన పోలేదు. ఆర్లిస్ మోకాళ్ల మీద కూర్చుని సబ్బుసీసాలు పక్కకి జరిపింది. నేను టార్చి వేశాను. మూలలో, గొట్టం అతుకు కింద, పాత కాఫీ డబ్బా ఉంది. అంచు దాకా నీళ్లు. చుట్టూ చెక్క నల్లగా కుళ్లి, ఆ నలుపు స్టవ్ వైపు పాకింది.

"ఈ అతుకు ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు డ్వేన్ ఛాతీ విరుచుకుని. "ఇరవై ఏళ్లయింది. ఒక్క చుక్క కారలేదు."

ఆర్లిస్ డబ్బా బయటికి తీసి ఆయన ముందు పెట్టింది. అడుగున మడతపెట్టిన ఎర్ర గళ్ల గుడ్డ ఉంది.

"అది నా చొక్కా," అన్నాడాయన.

"కారుతూనే ఉంది డ్వేన్. లవోన్ పట్టి పారబోసేది. చుక్క పడ్డ చప్పుడు నీకు వినబడకుండా గుడ్డ వేసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"అతుకు గురించి నువ్వు ఇలా గొప్పగా ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటావు?"

డ్వేన్ నేల మీదే కూలబడ్డాడు. "మరి ఆ పల్లం?" అన్నాడు.

ఆర్లిస్ అబద్ధం చెబితే బాగుండునని మనసులో గట్టిగా కోరుకున్నాను. ఆవిడ చెప్పలేదు.

"తనున్నన్నాళ్లూ ఈ నేల గట్టిగానే ఉంది. డబ్బా పారబోసే మనిషి పోయాకే దిగింది."

ఆయన గుడ్డ పిండి, మోకాలి మీద పరిచి, చేత్తో చదును చేశాడు. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

"కొయ్యి," అన్నాడు చివరికి.

మూడు రోజుల పని. ఆర్లిస్ ముందు అతుకు మార్చింది. గట్టి చెక్క తగిలేదాకా కుళ్లింది కోసేసి, పాత దూలాలకు కొత్తవి జతచేసి బిగించి, పైన ప్లైవుడ్ పరిచింది. మేజోళ్లతో మూడుసార్లు నడిచింది. ఎక్కడా సుద్ద తియ్యలేదు. డ్వేన్ బండి కిందికి దూరి తనే జాకీ దించాడు.

ఏప్రిల్ ఒకటి పొద్దున వీడ్కోలు చెప్పడానికి వెళ్లేసరికి ఆయన సింకు ముందు వంగి ఉన్నాడు. అరలో అదే డబ్బా, కడిగి పెట్టింది. అడుగున అదే గళ్ల గుడ్డ, పొడిగా ఉంది.

"అతుకు మార్చారుగా, ఇంకెందుకు చూడ్డం?" అన్నాను.

"ఇన్నేళ్లూ తను చూసింది మిల్ట్. ఇక నేను చూస్తాను," అని అర తలుపు వేసి, వెళ్లి ఇంజన్ స్టార్ట్ చేశాడు.