గోచికట్టుతో యూనివర్సిటీ టీములోకి: ఖానాపూర్ నుంచి కరీంనగర్

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా మనుమరాలు సుగుణ రాస్తోంది. మాటలు పుస్తకాల భాషలోకి మార్చుకుంటుంది కానీ, కోపం మాత్రం నాదే. యూనివర్సిటీ ఆడపిల్లల పరుగుల టీముకు ఈ ఏడు కరీంనగర్‌లో ఎంపిక ఉందని కబురొచ్చింది. జిల్లాల పిల్లలను పిలవడం ఇదే మొదలట. సుగుణ తన కాలేజీలో అందరికంటే ముందు ఉరికే పిల్ల. దాని బాపు, అంటే నా కొడుకు, ఒక్కటే షరతు పెట్టాడు. మోకాళ్లు కనబడే నిక్కరు తొడిగిందని తెలిస్తే చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెడతానన్నాడు. వాడు అన్నంత పనీ చేస్తాడు. అందుకే తోడుగా నేను బయలుదేరాను. తమ పిల్లలను తీసుకుపోవాలనుకునే వాళ్లకు దారి తెలియాలని ఇదంతా చెబుతున్నాను.

ఖానాపూర్ నుంచి తెల్లవారుజామునే నిర్మల్ బస్సు ఉంటుంది. నిర్మల్‌లో దిగి ఆర్మూర్ బస్సు, ఆర్మూర్‌లో మెట్‌పల్లి, జగిత్యాల మీదుగా పోయే కరీంనగర్ బస్సు ఎక్కాలి. పోనురాను ఖర్చు రెండు కుంచాల పెసర్లు అమ్మితే సరిపోయింది. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద అందరూ నీళ్లలోకి పైసలు వేసి దండం పెట్టారు. నేను వేయలేదు. పని కానీ, అప్పుడు చూద్దామన్నాను గోదావరి తల్లితో. జగిత్యాల దాటాక ఇంజను వేడెక్కి బస్సు ఆగింది. అంతకుముందు కూడా ఆగింది. డ్రైవరు నీళ్లు పోస్తూ, ఏ పెళ్లికి పోతున్నారని అడిగాడు. పెళ్లికి కాదు, ఉరుకుడు పందేనికి అన్నాను.

“ఆడివిల్లకు ఉరుకుడు పందెమా? ఎవల్ని గెలుస్తదే అవ్వా?”

“నీ బస్సునైతే ఇప్పుడే గెలుస్తది.”

బస్సంతా నవ్వింది. వాడూ నవ్వాడు. కరీంనగర్ చేరేసరికి పొద్దు వాలింది. బస్టాండు వెనుక సత్రంలో చోటు దొరికింది. మూటలో జొన్న రొట్టెలుంటే హోటలు అక్కరలేదు.

మర్నాడు పొద్దున్నే కాలేజీ మైదానానికి నడిచిపోయాము. షామియానా కింద యూనివర్సిటీ ఆటల చరిత్రంతా ఫోటోలుగా వేలాడదీశారు. నాకు చదువు రాకపోయినా కళ్లున్నాయి. నైజాం నాటి హాకీ టీము ఎర్ర టోపీలు పెట్టుకుని కూర్చుంది. ఫోటోలో నల్లగా కనబడినా అవి ఎర్రవని నాకు తెలుసు. ఆ తర్వాత ఫుట్‌బాల్ వాళ్లు చారల చొక్కాల్లో ఉన్నారు. పోలీసు యాక్షన్ తర్వాతి ఫోటోల్లో టోపీలు పోయాయి. వెండి కప్పు మాత్రం ప్రతిదాంట్లోనూ నడుమనే ఉంది. ఆడపిల్లల ఫోటోలు చిట్టచివర రెండే ఉన్నాయి. అందరూ పట్నం పిల్లలేనట. తెల్ల చీరలు కట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నేను సుగుణకు గోచి బిగించాను. చీరను కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి దోపుకునే కట్టు అది. మా దగ్గర నాట్లు వేసే ఆడవాళ్లందరిదీ ఆ కట్టే. మోకాలు కనబడదు, అడుగు ఆగదు. ఈల పట్టుకున్న సారు హైదరాబాద్ నుంచి వచ్చాడు. సుగుణను చూసి లైనులోంచి బయటికి రమ్మన్నాడు. నిక్కరు లేనిదే ఉరకనివ్వనన్నాడు. చీర కాళ్లకు తట్టుకుని పడితే ఎవరు జవాబుదారీ అని అడిగాడు. పిల్ల నా మొహం చూసింది. నేను సారు చెయ్యి పట్టుకుని ఫోటోల దగ్గరికి తీసుకుపోయి, వీళ్లు చీరలు కట్టలేదా అని అడిగాను.

“అవి ఫోటోకు కట్టుకున్నయి పెద్దమ్మా. ఉరికింది నిక్కర్లల్లనే. ఫోటో ఇండ్లకు పోతది గద, పెద్దోళ్లు చూస్తరని కట్టించినం.”

“అంటే పట్నం బాపులకు జడిసి చీర కట్టించిండ్రు. మా పల్లె బాపుకు జడిస్తె తప్పొచ్చిందా? వాళ్లకు ఫోటోల కట్టించిండ్రు, మా పిల్లకు ఉరుకుడుల కట్టనియ్యుండ్రి.”

సారు సుగుణను మళ్లీ లైనులో నిలబడమన్నాడు. “ఈ పందెంల ఇద్దర్నే తీసుకుంట. మూడో నంబరొస్తె మల్ల నన్ను అడగొద్దు” అన్నాడు.

“మూడోదైతె నేనే తోలుకపోత” అన్నాను.

తుపాకి పేలింది. మొదట్లో మా పిల్ల వెనుకబడింది. సగం దూరం పోయాక అందరినీ దాటేసింది, ముందున్న ఒక్క పిల్లను తప్ప. రెండో నంబరు వచ్చింది. చీరంతా మైదానంలోని మొరం మట్టి దుమ్ము.

తర్వాత టీము ఫోటో. టీములోని మిగతా పిల్లలందరూ నిక్కర్లు మార్చి తెల్ల చీరలు కట్టుకుని వచ్చారు. ఫోటో తీసే ఆయన సుగుణతో, గోచి తీసి అందరిలాగా కుచ్చిళ్లు దిగేసుకోమన్నాడు. నేను నోరు తెరిచేలోపల పిల్లే చెప్పింది.

“ఉరికిన కట్టుతోనే నిలబడ్త సార్.”

తిరుగు ప్రయాణంలో సోన్ వంతెన మీద గోదావరికి పైసలు వేశాను. ఫోటో ఇంటికి వచ్చిన రోజు నా కొడుకు మొదట మోకాళ్లే వెతికాడు. కనబడలేదు. ఆ తర్వాత, నడుమ ఉన్న కప్పు నిజంగా వెండిదేనా అని అడిగాడు. ఇన్నేళ్లుగా ఆ కప్పు చుట్టూ ఎందరో నిలబడ్డారు. గోదావరి ఇవతలి మా ఆడపిల్ల నిలబడలేదంటే మాకు కాళ్లు లేక కాదు, ఎవరూ పిలవక. పిలిచారు, వచ్చాము. ఇక మీదట పిలవకపోయినా వస్తాము.

పోయేవాళ్లకు ఒక్క మాట. కొత్త చీర తీసుకుపోవద్దు, గంజి ఉంటే గోచి జారుతుంది. బాగా ఉతికి మెత్తబడిన పొడుగు నూలు చీర కావాలి. బిగించి కట్టండి. కట్టు మార్చమని ఎవరన్నా మార్చకండి.