ఎనిమిది అంగుళాల మెట్టు

మా కొండ మెట్ల గురించి మల్కాపురంలో ఒక కథ తిరుగుతోంది. నేను ఎమ్మెల్యేని నలుగురిలో నిలదీశానట, ఆయన తెల్లమొహం వేశాడట, మర్నాడే సిమెంటు లారీ వచ్చిందట. నా నోటి మీద జనానికి అంత నమ్మకం ఉన్నందుకు సంతోషమే. కానీ నిలదీసిన మాటొక్కటే నిజం. సిమెంటు రావడానికి నాలుగు నెలలు పట్టింది. తెల్లమొహం వేసింది ఆయన కాదు, నేను.

మావి కొండవాలు మీద ఇళ్లు. కింద రోడ్డుకి దిగాలంటే బండరాళ్లు పేర్చిన దారి ఒక్కటే. మా పై ఇంటావిడకి రోడ్డు పక్కన టిఫిన్ బండి ఉంది. ఉదయం ఓడరేవులో షిఫ్టుకి వెళ్లేవాళ్లలో సగం మంది ఆవిడ ఇడ్లీ తిన్నాకే డ్యూటీ ఎక్కుతారు. రోజూ పిండి బకెట్టు చంకనెత్తుకుని ఆ రాళ్ల మీద దిగాలి. కిందటి వానల్లో జారి పడింది. చీలమండ వాచింది, పిండి కొండంతా పారింది. వాళ్లాయన తేల్చేశాడు: మళ్లీ వానలొచ్చేలోగా మెట్లు పడకపోతే బండి అమ్మెయ్యడమే.

ఆవిడ మా ఇంటికొచ్చింది. "బండి లేకపోతే ఇంట్లో కూకుని నానేటి సేత్తాను ఒదినా? గోడల్తో మాటాడనా?"

నేను బీకాం చదివాను. మా కొండ మీద అర్జీలన్నీ నేనే రాస్తాను. ఇదీ రాశాను, పద్నాలుగు కోరికలతో. మెట్లు, కుళాయి, వీధి లైట్లు, చివరికి కోతుల బెడద కూడా.

ఎమ్మెల్యేగారు తన ఆఫీసులో అది చదివి కళ్లజోడు తీశారు. "ఇది అర్జీయా మేడమ్, పెళ్లి సామాన్ల జాబితానా?"

"అవసరాలు పద్నాలుగుంటే ఎన్ని రాయమంటారు సార్?"

"పద్నాలుగు రాస్తే కాయితం పద్నాలుగు ఆఫీసులు తిరగాలి. ప్రతివాడూ పక్కవాడి పనంటాడు. ఒక్కటి రాయండి. దాని వెనక నేను తిరుగుతాను."

ఒళ్లు మండింది. అయినా ఇంటికొచ్చి మెట్లొక్కటే రాశాను. చెప్పినట్టే ఆయన ఆ కాయితాన్ని ఏ బల్ల మీదా నిద్రపోనివ్వలేదు. ఒక ఉదయం ఇంజినీరుని, ప్లానుని వెంటబెట్టుకుని కొండెక్కారు. పైకొచ్చేసరికి ఆయనకి ఆయాసం, గన్‌మన్‌కి అంతకన్నా ఆయాసం.

ప్లానులో మెట్టు ఎత్తు ఎనిమిది అంగుళాలు. నేను అక్కడ పట్టుకున్నాను.

"ఆరు చెయ్యండి."

"వాలు ఎక్కువ కదా మేడమ్. ఆరైతే మెట్ల సంఖ్య పెరుగుతుంది. మా రూల్స్ బుక్‌లో కూడా ఎనిమిదే ఉంది" అన్నాడు ఇంజినీరు.

"బుక్కు పిండి మోస్తుందా? సార్, మీరు చెప్పండి. మోస్తుందా?"

గొంతు కొంచెం పెద్దదైన మాట ఒప్పుకుంటాను. ఊళ్లో తిరిగే నిలదీత ఇదే.

మా వాదన తెగేలా లేదు. పక్కనే నిలబడ్డ టిఫినావిడకి అవతల షిఫ్టు టైము. "మీరు మాటాడుకోండి బాబూ, నానెల్తాను" అని బకెట్టు ఎత్తబోయింది.

"ఇలాగియ్యి అప్పా" అన్నారు ఎమ్మెల్యేగారు, సొంత అక్కతో అన్నట్టు. మైకు ముందు మాట్లాడే తెలుగు అక్కడితో రాలిపోయింది. గన్‌మన్ చెయ్యి చాపితే, "నువ్వుండ్రా" అని బకెట్టు తనే చంకనెత్తుకున్నారు.

తెల్ల చొక్కా, చంకలో పిండి. కొండ మీద ఆడవాళ్లందరూ గుమ్మాల్లోకొచ్చి ఒకటే నవ్వు. సగం దూరం బాగానే దిగారు. అక్కడ ఆగి, అటూ ఇటూ చూసి, నా వైపు తిరిగారు.

"మేడమ్, మీ ఆరంగుళాలు సరే. ఇక్కడ మనిషి ఆగాలి గదా. ఆగితే ఈ బకెట్టెక్కడ ఎట్టాలి?"

నేను తెల్లమొహం వేసింది ఇక్కడే. ఆ దారిలో నేను రోజూ దిగుతాను, చేతిసంచితో. ఆగాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

వెనక నుంచి టిఫినావిడ పకపకా నవ్వింది. "ఆ మూల రాయి మీద ఎట్టుకుంతన్నాను బాబూ, ఇన్నేళ్లూ. ఎవులూ అడగనేదు."

ఇంజినీరు ప్లాను వెనక్కి తిప్పి అక్కడే పెన్సిల్‌తో గీశాడు. మెట్టుకి ఆరంగుళాలు, సగంలో విశాలంగా ఒక చప్టా, దాని పక్కన నడుమెత్తు అరుగు, వంగకుండా బకెట్టు దించుకోవడానికి.

వానలకి వారం ముందు పని పూర్తయింది. రిబ్బను కత్తిరించడానికొచ్చి ఎమ్మెల్యేగారు ఎనిమిది ఇడ్లీలు తిన్నారు. చొక్కా మీద చట్నీ పడింది. "రెండో కోరిక తెచ్చారా?" అనడిగారు. కాయితం ఆయన జేబులో పెట్టాను. కోతులు.

మొదటి వాన రోజు కిందికి దిగుతుంటే చప్టా మీద ఆవిడ గొడుగు వేసుకుని కూర్చుంది. బకెట్టు అరుగు మీద మహారాణిలా ఉంది. "రా ఒదినా, ఇక్కడ కూకుంటే ఓడలు కనిపిత్తన్నాయ్!" అంది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ దారిలో తలెత్తి చూడటం అదే మొదటిసారి. షిఫ్టువాళ్లు కింద కేకలేస్తుంటే మేమిద్దరం ఓడలు లెక్కపెట్టాం.

నాకు తేలనిది ఒక్కటుంది. ఇంజినీరు కనబడ్డప్పుడల్లా ఎనిమిదే ఎందుకని అడుగుతాను, బుక్‌లో అలాగే ఉందంటాడు. చదువుకున్నదాన్ని, బుక్కంటే నాకూ గౌరవమే. కానీ ఆ ఎనిమిది అంగుళాలు మొదట రాసిన మనిషి ఎవరి కాలు కొలిచి రాశాడు? అప్పుడు ఆ మనిషి చంకలో ఏముంది?