నేను మాట్లాడని రెండు ఆదివారాలు

మా యువజన కేంద్రంలో ఆదివారం బొమ్మల క్లాసు చెప్పేది నేను. డిగ్రీ అయిపోయింది, నౌకరీ రాలేదు, బొమ్మలు వేయడం వచ్చు. బాన్సువాడలో ఈ మూడూ ఒక మనిషిలో కలిస్తే అతన్ని పిల్లలు "సార్" అంటారు. పిల్లలు నా బొమ్మల కోసం కాదు, జోకుల కోసం వస్తారని నాకు తెలుసు. పరిశోధన చేసి కనుక్కోవాల్సినంత రహస్యమేమీ కాదది. అయినా పరిశోధన వచ్చింది.

హైదరాబాద్ నుంచి ఒక అక్క వచ్చింది. బొమ్మలు గీయడం నేర్పితే పిల్లలకు చూడడం వస్తదా అనేది ఆమె చదువు. ఆమె దగ్గర గోలీకాయంత అద్దాలున్నాయి. ఒకదాన్ని సెల్‌ఫోన్ కెమెరాకు క్లిప్పుతో తగిలిస్తే ఆకు మీది నూగు కూడా తెర మీద గడ్డివాములా కనిపిస్తుంది. అక్కావాళ్లే తయారుచేశారట, ఇంకా సరిదిద్దుతున్నారట. పిల్లలు వరి ఆకును దాంట్లో చూడాలి, చూసింది చూసినట్టు గీయాలి. అంతే పని.

దానికున్న జబ్బు ఒక్కటే. చెయ్యి కొంచెం కదిలినా బొమ్మంతా అలుక్కుపోతుంది.

మొదటి వారం అక్క వెనక బెంచీలో కూర్చుని క్లాసు చూసింది. అయిపోయాక ఫోన్లలో పడ్డ వీడియోలు నాకు చూపించింది. ఆకు ఈనెలు గీతలు గీసినట్టు సాఫ్‌గా ఉన్నాయి. ఇంతలో నా గొంతు: "గీ ఆకు మీ అందరికన్నా బుద్ధిమంతురాలు, కదలకుండ కూసుంది." పిల్లల నవ్వు. ఈనెలు పోయి పచ్చటి పొగ. మెల్లగా తేరుకుంది. మళ్లీ నా గొంతు, మళ్లీ పొగ.

"ముందుగాల క్లిప్పు లూజైందనుకున్న తమ్ముడూ," అన్నది అక్క, చాలా మర్యాదగా. "క్లిప్పు మంచిగనే ఉంది."

భూకంపాలను కొలిచే యంత్రం ఉంటుందని చదివాను. జోకులను కొలిచేది మా ఊరికే వచ్చింది.

"వచ్చే రెండు ఆదివారాలు నువ్వు మాట్లాడకు. ఆకులియ్యి, కాయితాలియ్యి, కూసో. ఎందుకనేది మాత్రం పిల్లలకు చెప్పొద్దు. చెప్తే మన కోసం బుద్ధిగుంటరు, అసలు సంగతి తెలువది," అన్నది.

గుమ్మంలో నిలబడి వింటున్న ఇన్‌చార్జి అన్న ముందుకొచ్చాడు. "ఆకులిచ్చుడు, కాయితాలిచ్చుడేనా? దానికి ఈయనెందుకు మేడం? అటెండరున్నడు గదా." ఆయన జోకులు వేసే మనిషి కాదు. అదే నాకు భయం.

ఆ క్లాసు పోతే నాకు పెద్దగా పోయేదేం లేదని పైకి అనొచ్చు. వారంలో ఆరు రోజులు నేను మా గల్లీలో "ఖాళీగున్న పిలగాన్ని". ఆదివారం ఒక్కటే సార్‌ని. అది కూడా పోతే ఏడు రోజులూ ఒకటే ఉద్యోగం.

తర్వాతి ఆదివారం ఆకులిచ్చి కూర్చున్నాను. నోరు ఆగింది గానీ కాలు ఆగలేదు, కుర్చీ కింద దాని పాటికి అది ఊగుతూనే ఉంది. పిల్లలు ఆకును తక్కువ, నన్ను ఎక్కువ చూశారు. పెద్ద కొడప్‌గల్ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి దగ్గరికొచ్చి, "సార్, పాణం మంచిగ లేదా?" అన్నది. లేదు లేదు, బాగానే ఉన్నానని తల అడ్డంగా ఊపాను. ఆమె దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. పోయి పక్కదానికి చెప్పింది. అది దాని పక్కదానికి. గదిలో సంతాప సభ మొదలైంది. అందరూ తలలు దించుకుని బుద్ధిగా గీశారు.

మా దగ్గర పొద్దంతా వాగేవాడు ఒక పూట నోరు మూస్తే ఇంట్లో ఏదో జరిగినట్టే లెక్క. మర్నాడు సాయంత్రం మా క్లాసు పిల్లవాడి నాన్న, బస్టాండు దగ్గరి టైలర్, అరటిపండ్లు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఘర్ మే సబ్ ఖైరియత్, సార్?" అని ఇంట్లో క్షేమమడిగి, నా జవాబు కోసం ఆగకుండా తెలుగులోకి దిగాడు. "మావోడు ఏడ్సిండు సార్, మా సార్ నవ్వుతలేడని. ఫికర్ చెయ్యకుండ్రి. అంత ఆ అల్లా చూసుకుంటడు."

కారణం చెప్తే రాత్రికల్లా కొడుక్కి తెలుస్తుంది. అందుకే పండ్లు తీసుకుని తలూపాను. ఏం పోయిందో తెలియకుండా పరామర్శ పుచ్చుకోవడం కష్టం. ముఖం ఎంత దిగులుగా పెట్టాలో అందదు.

ఆయన అటు వెళ్లగానే అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఎవలురా ఆ పిల్ల?"

"ఏ పిల్ల?"

"నిన్ను వద్దన్న పిల్ల."

"అమ్మా, అది పరిశోధన."

"ఏం చదువుతుందో తర్వాత. ముందు ఎవలోళ్లో చెప్పు."

రెండో ఆదివారం ఇన్‌చార్జి అన్న కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. నా నోట్లో మూడు జోకులు బాటిల్‌లో సోడాలా పొంగుతున్నాయి. పిల్లలు నా బాధకు అలవాటు పడ్డట్టున్నారు, ఈసారి ఆకునే చూశారు. ఫ్యాన్ చప్పుడొక్కటే వినిపిస్తోంది. కొడప్‌గల్ అమ్మాయి ఊపిరి బిగబట్టి ఫోన్‌ను ఆకు అంచు మీదికి జరిపింది.

"రంపం లెక్కుంది," అన్నది తనలో తను.

నలుగురు మూగారు. ఎవరి చెయ్యీ కదల్లేదు. తెర మీద ఆకు అంచు పొడవునా సన్నటి ముళ్లు, అన్నీ కొన వైపే వంగి ఉన్నాయి.

"గిందుకేనా మా అమ్మ చేతులు కోసుకపోయేది? కలుపు తీసొచ్చి ఉప్పు ముట్టుకుంటే మండుతదంటది. నేను నకరాలనుకున్న," అన్నది ఆ అమ్మాయి.

ఎవరూ నవ్వలేదు. నా మూడు జోకుల్లో ఒక్కటీ పనికిరాదని అర్థమైంది. వరి ఆకును నేను చాలాసార్లు గీశాను, ప్రతిసారీ నున్నగానే. ఆమె మాత్రం ఒక్కో ముల్లునూ పెన్సిల్ నొక్కిపెట్టి గీసింది, ఎవరిమీదో కోపం ఉన్నట్టు.

పిల్లలు వెళ్లాక అన్న అడిగేశాడు. "బొమ్మలైతే మంచిగొచ్చినయి మేడం. ఇగ గీయన ఉండాల్నా, వద్దా?" నేను పక్కనే ఉన్నాను. రెండు వారాలు మాట్లాడకపోతే మనిషిని బెంచీల్లో కలిపేస్తారు.

అక్క ఫోన్ల నుంచి అద్దాలు ఊడదీస్తూ ఆలోచించింది. ఆమె ఆలోచించినంతసేపూ నా కాలు నేల మీద ఆగలేదు.

"చూసేటప్పుడు వద్దు," అన్నది. "చూసినంక కావాలె."

"అంటే సగమా?"

"పోయిన వారం మంచిగ గీసిండ్రు గని, ఎవలకు చూపించలే. సంచులల్ల పెట్టుకొని పోయిండ్రు. ఇయ్యాల గా పిల్ల కూడా అంత మాటన్నది, మళ్ల ఎవలతో అనలే. పిల్లలకు ఎవలికన్న చెప్పాల్నని ఉంటది. ఈయనకైతే చెప్తరు."

అన్న నన్ను కిందినుంచి పైదాకా చూశాడు, అంత పని ఇందులో ఎక్కడుందన్నట్టు. "సరే, ఉండనీ," అన్నాడు.

అట్లా నా ఉద్యోగం సగం మిగిలింది. మూడో ఆదివారం ఆకులిచ్చి, తలుపు దగ్గరికేసి బయట వరండాలో తిరిగాను. లోపల నిశ్శబ్దం. నేను లేకుండా ఇంత మంచిగా నడిచే క్లాసు పక్కన నిలబడడం మనిషి చేయాల్సిన పని కాదు. ఒకసారి కిటికీ దాకా పోయి వెనక్కి వచ్చాను. పిట్లం బస్సు పోయింది. ఇంకో బస్సు కూడా పోయింది. లోపల ఎవరన్నా దగ్గినా బాగుండునని చూశాను.

చివరికి తలుపు తెరుచుకుంది. "అయిపోయింది, రా సార్!"

వారమంతా దాచుకున్న జోకుతో లోపలికి పోయాను. ముందు మర్యాదకు, "ఏం కనవడ్డది?" అన్నాను.

అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. ఒకడు బొమ్మను నా ముక్కుకు ఆనించాడు, ఇంకొకతె నా చొక్కా చెయ్యి పట్టి గుంజింది. రెండుసార్లు నోరు తెరిచాను.

"ఆగు సార్," అన్నాడు టైలర్ కొడుకు, "నన్ను చెప్పనియ్యి."